కాల్గరీలో ‘న్యాయమైన వాటా’.. కడపలో ‘వేర్పాటువాదం’!

2019 మే నెల. చిలమకూరు టీ అంగట్లో కూర్చోనున్నాం. పక్క బెంచీ మీద డిగ్రీ చదివే పిల్లోడొకడు సెల్‌ఫోన్ మా ముందుకు జరిపి, ‘‘చూడండి సార్, మన తెలుగాయప్ప కెనడాలో మంత్రి అయినాడంట!’’ అన్నాడు. మొగం వెలిగిపోతా ఉంది. ఆ పక్కనే దుమ్ము కొట్టుకున్న చొక్కాతో టీ తాగుతున్న నాపరాళ్ల గనుల కార్మికుడొకాయన తలెత్తి ఒకే ఒక మాట అడిగినాడు: ‘‘మంత్రి అయితే అయినాడులే గానీ నాయనా, ఆయప్ప కులమోళ్లకు ఆడ ఎన్ని ఓట్లుండాయి?’’

అంగడంతా నవ్వింది. మేమూ నవ్వినాం. కానీ ఆ ప్రశ్న ఇన్నేళ్లయినా మమ్మల్ని వదల్లేదు. పిల్లోడి గర్వంలో తప్పు లేదు. పెద్దాయన అనుమానంలోనూ తప్పు లేదు. సీమలో పుట్టి, సీమలో ఓటేసి, సీమలో మోసపోయిన మనిషికి అంతకు మించిన ప్రశ్న తట్టదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే మన రాజకీయం బండారమే బయటపడింది. అందుకే ఈ వ్యాసం.

ఎవరీ ప్రసాద్ పాండా?

గుంటూరు జిల్లాలో తెనాలి దాపున సంగం జాగర్లమూడి ఆయన సొంతూరు. మెకానికల్ ఇంజనీరు. ముంబైలో రిలయన్స్‌లో ఉద్యోగం చేసి, 2004లో భార్యాబిడ్డతో కెనడా చేరాడు. ఆల్బర్టా రాష్ట్రంలోని కాల్గరీ నగరంలో సన్‌కోర్ అనే చమురు కంపెనీలో పనికి కుదిరాడు. అక్కడ ఆయనకు తాత ముత్తాతల భూముల్లేవు. నాన్న ఎమ్మెల్యే కాదు, మామ మంత్రి కాదు. వెనకాల పది సుమోలు తిరగలేదు. కాల్గరీలో తెలుగువాళ్ల ఓట్లన్నీ పోగేసినా ఒక అసెంబ్లీ స్థానం గెలిచే లెక్క కాదు.

అలాంటి మనిషి వలస వచ్చిన ఎనిమిదేళ్లకే, 2012 ఎన్నికల్లో వైల్డ్‌రోజ్ అనే ప్రతిపక్ష పార్టీ తరఫున అసెంబ్లీకి పోటీ చేశాడు. ఓడాడు. 2015 మేలో మళ్లీ పోటీ చేశాడు. మళ్లీ ఓడాడు. ఆ ఎన్నికల్లో 44 ఏళ్లు ఏకబిగిన ఏలిన ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీ కుప్పకూలింది. రేచల్ నాట్లీ నాయకత్వంలో ఎన్డీపీ అధికారంలోకి వచ్చింది. ఓడిన ముఖ్యమంత్రి జిమ్ ప్రెంటిస్, తను కాల్గరీ-ఫుట్‌హిల్స్‌లో గెలిచి కూడా, ఫలితాల రాత్రే ఆ సీటు వదులుకున్నాడు. ఉప ఎన్నిక వచ్చింది. 2015 సెప్టెంబరు 3న జరిగిన ఆ ఉప ఎన్నికలో పాండా దాదాపు 38 శాతం ఓట్లతో గెలిచాడు. నాలుగు నెలల కిందట రాష్ట్రాన్ని గెలిచిన అధికార పార్టీ, తన సర్వశక్తులూ ఒడ్డి కూడా, ఒక వలస ఇంజనీరు చేతిలో ఓడింది. ఆ అసెంబ్లీలో కాల్గరీ నగరం మొత్తమ్మీద వైల్డ్‌రోజ్‌కు ఉన్న ఒకే ఒక్క సీటు అది.

2017లో వైల్డ్‌రోజ్, పాత కన్సర్వేటివ్ పార్టీ కలిసి యునైటెడ్ కన్సర్వేటివ్ పార్టీ అయ్యాయి. 2019 ఏప్రిల్ 16 ఎన్నికల్లో పాండా కాల్గరీ-ఎడ్జ్‌మాంట్ నుంచి గెలిచాడు. ఏప్రిల్ 30న జేసన్ కెన్నీ మంత్రివర్గంలో మౌలిక సదుపాయాల మంత్రి అయ్యాడు. 2022 జూన్‌లో రవాణా శాఖ చేతికొచ్చింది. అక్టోబరులో డేనియల్ స్మిత్ ముఖ్యమంత్రి కావడంతో మంత్రి పదవి పోయింది. 2023 మే 29 ఎన్నికల్లో ఎడ్జ్‌మాంట్ స్థానం ఎన్డీపీ అభ్యర్థి జూలియా హేటర్ వశమైంది. ఎనిమిదేళ్ల శాసనసభ జీవితం అక్కడితో సరి.

చిలమకూరు పెద్దాయనకు మా జవాబు ఇది: ‘‘అన్నా, ఆయప్ప కులమోళ్ల ఓట్లతో గెలవలేదు. ఆ లెక్క తీసినా అక్కడ కుదరదు.’’

జెండా మార్చినోళ్లకు జనం ఏం చేశారు?

ఈ కథలో మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ఓటర్లు చెవొగ్గి వినాల్సిన ముక్క ఒకటుంది. 2014 డిసెంబరు 17న వైల్డ్‌రోజ్ పార్టీ నాయకురాలు డేనియల్ స్మిత్ సహా తొమ్మిది మంది ఎమ్మెల్యేలు ఒక్కదెబ్బకు అధికార పార్టీలోకి దూకారు. ప్రతిపక్ష నాయకురాలే ప్రతిపక్షాన్ని ఖాళీ చేసి పోయిందన్నమాట! ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం’ అనే పాట అక్కడా వినిపించింది. అయిదు నెలల్లో ఎన్నికలొచ్చాయి. ఆ తొమ్మిది మందిలో ఒక్కరంటే ఒక్కరు తిరిగి అసెంబ్లీ మెట్లెక్కలేదు. కొందరు పోటీకే దిగలేదు. కొందరికి టికెట్ దక్కలేదు. మిగిలినవాళ్లను జనం ఓడించారు. స్మిత్‌కు సొంత నియోజకవర్గంలో కొత్త పార్టీ కార్యకర్తలే టికెట్ ఇవ్వలేదు.

మరి మన దగ్గర? 2014లో ఒక పార్టీ గుర్తు మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు మరో పార్టీలోకి పోయారు. రాజీనామా లేదు, అనర్హత లేదు. మన జమ్మలమడుగు నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన ఆదినారాయణరెడ్డి 2016లో తెలుగుదేశంలో చేరి 2017 ఏప్రిల్‌లో మంత్రి అయ్యారు. 2019లో ఆ పార్టీ తరఫున కడప లోక్‌సభకు పోటీ చేసి ఓడి, బీజేపీలో చేరారు. 2024లో ఆ పార్టీ గుర్తు మీద జమ్మలమడుగు నుంచే మళ్లీ గెలిచారు. పదేళ్లలో మూడు జెండాలు. మేం ఆయన ఒక్కర్నే తప్పు పట్టడం లేదు. జెండా మారినా ఓటు మారని మనల్ని మనమే తప్పు పట్టుకుంటున్నాం.

పులివెందుల సంగతి వేరు. 1978 నుంచి ఇప్పటిదాకా ఒకే కుటుంబం. పార్టీ మారినా, గుర్తు మారినా, ఇంటి పేరు మారలేదు. ఆ కుటుంబం నుంచి ఇద్దరు ముఖ్యమంత్రులయ్యారు. ప్రొద్దుటూరులో పసిడి అంగళ్లు పెరిగాయి గానీ రాజకీయం ఆ నాలుగిళ్ల గడప దాటలేదు. బతకడానికొచ్చి ఈ ఊళ్లల్లో స్థిరపడిన కుటుంబం నుంచి ఎవరైనా ఎమ్మెల్యే అవుతాడని కలలోనైనా అనుకోగలమా? బయటి నుంచి వచ్చినోళ్ల సంగతి అటుంచండి, ఇక్కడే పుట్టిన నాపరాళ్ల కూలీ బిడ్డకు ఆ దారుందా?

అక్కడ అభ్యర్థిని ఎంచేది ముందుగా ఆ నియోజకవర్గ పార్టీ సభ్యులు. వాళ్ల ఓట్లు గెలిచినాకే జనం ముందుకు రావాలి. ఇక్కడ బీ-ఫారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే దేవుడు. అక్కడ 2015లో ఎన్డీపీ ప్రభుత్వం మొదటి బిల్లుగానే రాజకీయ పార్టీలకు కంపెనీల విరాళాలు నిషేధించింది. ఇక్కడ ఎలక్టోరల్ బాండ్ల పేరుతో ఏళ్లతరబడి గుట్టుగా డబ్బులు పారాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఎవరు ఎవరికిచ్చారో మనకు తెలియనివ్వలేదు.

ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. న్యాయం అక్కడా ముక్కుసూటిగా నడవలేదు. పార్టీని ముంచి దూకిన స్మిత్ 2022లో ముఖ్యమంత్రిగా తిరిగొచ్చింది. ఓడినా జెండా వదలని పాండాకు ఆమె మంత్రివర్గంలో చోటు లేదు. రాజకీయం ఎక్కడైనా రాజకీయమే. కానీ ఆ తొమ్మిది మందికీ జనం ముందు చెంపదెబ్బ కొట్టారు, ఆనక ఏళ్ల తరబడి బయట కూర్చోబెట్టారు. మనం ఆ పని కూడా చేయలేకపోయాం.

ఆయన కూర్చున్న మంత్రివర్గం ఏమడిగింది?

అసలు విషయానికి వస్తున్నాం. పాండా మంత్రిగా ఉన్న ఆ ప్రభుత్వం ఏ నినాదంతో నడిచింది? ‘‘మా ప్రాంతానికి అన్యాయం జరుగుతోంది. మా వనరులు దేశమంతా తింటోంది. మాకు న్యాయమైన వాటా కావాలి.’’ ఇదీ నినాదం. 2019 నవంబరులో ‘ఫెయిర్ డీల్ ప్యానెల్’ పేరుతో ఒక కమిటీ వేసింది. అది ఊరూరా తిరిగి జనం మాట విని, మరుసటేడు నివేదిక ఇచ్చింది. 2021 అక్టోబరు 18న ఆల్బర్టా అంతటా ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. రాష్ట్రాల మధ్య నిధుల సర్దుబాటు సూత్రాన్ని రాజ్యాంగం నుంచి తీసేయాలా వద్దా అని అడిగారు. దాదాపు 62 శాతం మంది తీసేయాలన్నారు.

ఆ మంత్రివర్గంలో గుంటూరు జిల్లా బిడ్డ కూర్చున్నాడు. మన పత్రికలు, మన చానెళ్లు, మన తెలుగు సంఘాలు ఆయనకు పూలదండలు వేశాయి. ‘తెలుగుతేజం’ అన్నాయి. మంచిదే. మేమూ చప్పట్లు కొట్టినాం. కానీ అదే పత్రికలు, అదే సంఘాలు, శ్రీబాగ్ మాటెత్తిన ప్రతిసారీ సీమ బిడ్డను ఏమన్నాయి? ‘వేర్పాటువాది’. ‘తెలుగుజాతి ద్రోహి’. ‘రాజకీయ నిరుద్యోగి’.

అయ్యా, కాల్గరీలో ప్రాంతం పేరు చెప్పి వాటా అడిగితే తేజం. కడపలో అడిగితే ద్రోహమా? ఇదెక్కడి నీతి? సముద్రం దాటితే మారిపోయే న్యాయమా ఇది?

‘ఆల్బర్టా విడిపోతానని అనలేదు కదా’ అంటారేమో. నిజమే, కెన్నీ ప్రభుత్వం కెనడాలో ఉంటూనే వాటా అడిగింది. మేమూ దేశం నుంచి విడిపోతామనలేదే! ఆల్బర్టాకు 1905 సెప్టెంబరు 1 నుంచి సొంత అసెంబ్లీ ఉంది. అంతకుముందు అది వాయవ్య భూభాగాలనే పెద్ద పాలనా ప్రాంతంలో ఒక మూల. దూరాన ఉన్న పాలకులు మా గోడు వినడం లేదని అక్కడి జనం అడిగితే కెనడా పార్లమెంటు ఆల్బర్టా, సస్కాచ్వాన్ అని రెండు రాష్ట్రాలు చేసింది. నూరేళ్ల కిందట వాళ్లడిగిందే ఈరోజు మేమడుగుతున్నాం. వాళ్లు దేశాన్ని చీల్చలేదు. మేమూ చీల్చం.

ఇంకో పాఠం కూడా ఉంది. రాష్ట్రమైతే ఇచ్చారు గానీ, భూమి, ఖనిజాల మీద హక్కు మాత్రం ఒట్టావా తన దగ్గరే పెట్టుకుంది. ఆల్బర్టా పాతికేళ్లు కొట్లాడితే 1930లో ఆ హక్కు దక్కింది. చమురు దొరికినాక అదే ఆ రాష్ట్రానికి జీవనాధారమైంది. 1980 అక్టోబరులో ఒట్టావా మళ్లీ ‘జాతీయ ఇంధన కార్యక్రమం’ పేరుతో చెయ్యి పెట్టబోతే ఆల్బర్టా భగ్గుమంది. అయిదేళ్లలో దాన్ని వెనక్కి తీసుకునేలా చేసింది. రాష్ట్రం పేరు మాత్రమే చాలదు, వనరు చేతికి రావాలి. మన ఉద్యమం గుండెల్లో రాసుకోవాల్సిన పాఠం ఇదే.

మన సున్నపురాయి, మన యురేనియం.. ఎవరి సొమ్ము?

ఇప్పుడు చిలమకూరు వైపు చూడండి. సున్నపురాయి మనది. సిమెంటు కంపెనీ చేతులు మారుతుంది గానీ ఊరి చేతికి ఏదీ రాదు. ఇక్కడి ఫ్యాక్టరీ ఇండియా సిమెంట్స్‌ది. 2024 డిసెంబరులో ఆ కంపెనీయే అల్ట్రాటెక్ చేతికి పోయింది. లెక్కలు చెన్నై నుంచి ముంబైకి మారాయి. మన ఊరి దుమ్ము మాత్రం మన ఊళ్లోనే ఉంది. ‘కడప బండ’ పేరుతో మన నాపరాళ్లు దేశమంతా ఇళ్లకు పరుస్తున్నారు. మంగంపేట ముగ్గురాయి ప్రపంచమంతా పోతుంది. పక్కనే 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం. పొగ మనకు, కరెంటు గ్రిడ్డుకు. పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో యురేనియం. అది పూర్తిగా ఢిల్లీ సొత్తు. వ్యర్థాల చెరువు పక్కన బోరు నీళ్లు చెడిపోయాయని మొత్తుకునే రైతుల గోడు మాత్రం మన సొత్తు.

2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 8-1తో తీర్పిచ్చింది. మంచి తీర్పు. కానీ ‘రాష్ట్రం’ అంటే ఎవరు? ఆ పన్ను ఎవరి ఖజానాలోకి పోతుంది? ఎర్రగుంట్ల తవ్వితే వచ్చిన రూపాయి ఎక్కడి రాజధాని గోడలకు సున్నమవుతుంది? ఆ ప్రశ్నకు జవాబు తేలనంతవరకు ఆ తీర్పు మనకు కాగితమే.

శంకుస్థాపనల సీమ

పాండా మంత్రిగా ఉండగా 2021 చివర్లో ఆల్బర్టాలో ఒక చట్టం వచ్చింది. పేరు మౌలిక సదుపాయాల జవాబుదారీ చట్టం. ఏ రోడ్డు, ఏ ఆస్పత్రి, ఏ బడి ముందు కట్టాలో మంత్రి మనసుకు తోచినట్టు కాకుండా, ఏ కొలమానాలతో ఎంచుతారో బయటపెట్టాలి. 20 ఏళ్ల ముందుచూపు ప్రణాళిక జనం ముందు పెట్టాలి. ఆ చట్టం ఎంత అమలైందన్నది వేరే చర్చ. కనీసం కాగితం మీదైనా ‘మాకెందుకు ఇవ్వలేదు’ అని అడిగే వీలు ఓటరుకు దొరికింది.

మన కడప ఉక్కు కథ ఆ కొలమానాల ముందు పెట్టండి. 2007 జూన్ 10న జమ్మలమడుగు దగ్గర బ్రాహ్మణి స్టీల్స్‌కు రాజశేఖరరెడ్డి పునాదిరాయి వేశారు. అది గాలికిపోయింది. 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో కడప ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో తేల్చాలని రాశారు. ఆరు నెలలు ఏళ్లయ్యాయి. 2018 డిసెంబరు 27న మైలవరం మండలం కంబాలదిన్నెలో చంద్రబాబు పునాదిరాయి. 2019 డిసెంబరు 23న సున్నపురాళ్లపల్లెలో జగన్ పునాదిరాయి. 2023 ఫిబ్రవరి 15న అదే సున్నపురాళ్లపల్లెలో, ఈసారి జిందాల్ కంపెనీతో కలిసి, అదే జగన్ మళ్లీ భూమిపూజ. ఇన్ని రాళ్లు పాతినా ఒక్క టన్ను ఉక్కు కరగలేదు. ఈ రాళ్లన్నీ ఒకచోట పేర్చితే బడికి నాలుగు గదులన్నా కట్టుకోవచ్చు!

పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు. వాళ్లలో ముగ్గురూ సీమవాళ్లే! ‘మీ సీమ నుంచి ఇంతమంది ముఖ్యమంత్రులయ్యారు కదా, ఇంకేం కావాలి’ అని కోస్తా మిత్రులు అడుగుతుంటారు. సంజీవరెడ్డి, సంజీవయ్య, విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు, రాజశేఖరరెడ్డి, కిరణ్‌కుమార్‌రెడ్డి, జగన్. పేర్లకు కొదవ లేదు. కుర్చీలో మనోడు కూర్చున్నంత మాత్రాన కుర్చీ మనదైపోదు. ఆల్బర్టా మంత్రివర్గంలో పాండా కూర్చున్నంత మాత్రాన అది గుంటూరు మంత్రివర్గం కాలేదు. ఆయన ఆల్బర్టా పని చేశాడు, అది ఆయన ధర్మం. మరి సీమ ఓట్లతో గెలిచిన మనోళ్లు ఎవరి పని చేశారు? వలస పోయినోడు ఓట్లేసిన గడ్డ తరఫున నిలబడ్డాడు. ఇక్కడ పుట్టినోళ్లు సొంత గడ్డకే వలసవాళ్లయ్యారు.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో, ఆ ఇంటి పేరు మీదే, శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకు, నెల్లూరుకు ముందు చూపు చూస్తామన్నారు. రాజధానా, హైకోర్టా, ఏది కావాలో సీమే కోరుకోవచ్చన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలుకు రాజధాని వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి 1956 నవంబరు 1న హైదరాబాద్‌కు పోయింది. 2014లో రాష్ట్రం మళ్లీ విడిపోయింది. అప్పుడైనా శ్రీబాగ్ గుర్తొస్తుందనుకున్నాం. 2015 అక్టోబరు 22న అమరావతిలో శంకుస్థాపన జరిగింది. 2019 జనవరి 1 నుంచి హైకోర్టూ అక్కడే. కర్నూలుకు రాజధాని అని 2020లో చట్టం చేసినవాళ్లే 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీ తీర్మానం చేసింది. రాజధాని అడిగినవాళ్ల చేతిలో తీర్మానం కాగితం పెట్టారు.

ఆ తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టుకోండి. 2015 సెప్టెంబరు 3న గుంటూరు జిల్లా బిడ్డను కాల్గరీ తన అసెంబ్లీకి పంపింది. సరిగ్గా ఏడు వారాలకు గుంటూరు జిల్లాలో రాజధానికి పునాది పడింది. ఆ శరత్కాలంలో సీమ చేతికి ఏం వచ్చింది?

రెండు వలసలు, రెండు బతుకులు

వలస అన్న మాట ఎత్తాం కాబట్టి మన వలస కూడా చెప్పుకోవాలి. గుంటూరు ఇంజనీరు కెనడా పోయాడు. ఉమ్మడి కడప జిల్లా రాయచోటి, రాజంపేట, పులివెందుల పల్లెల నుంచి మన ఆడపడుచులు, మన డ్రైవర్లు కువైట్ పోయారు. ఎందుకు పోయారు? వేరుశనగ ఎండిపోతే పోయారు. బోరు ఎండిపోతే పోయారు. బిడ్డ పెళ్లి అప్పు తీరక పోయారు. అక్కడ అకామా ఒకరి చేతిలో, పాస్‌పోర్టు కఫీల్ చేతిలో. ఇరవై ఏళ్లు ఊడిగం చేసినా పౌరసత్వం రాదు. ఓటు హక్కు ఊసే లేదు. ఇక్కడా ఓటేయలేరు. ప్రవాసులకు ఓటు హక్కు ఇస్తూ 2010లో చట్టం మార్చారు గానీ, స్వయంగా బూతుకొచ్చి వేయాలి. కఫీల్ సెలవివ్వకపోతే, టికెట్టుకు డబ్బుల్లేకపోతే, ఆ హక్కు గోడకు కొట్టిన క్యాలెండరే.

ఒక వలసకు మంత్రి పదవి. ఇంకో వలసకు ఒక్క ఓటు కూడా లేదు. రెండు చోట్లా తెలుగువాళ్లే. తేడా తెలివితేటల్లో లేదు. మన నేలను నీళ్లు లేకుండా ఉంచినవాళ్లే మన మనుషుల్ని హక్కుల్లేని దేశాలకు తోలారు. చదువు, సాగు, పరిశ్రమ ఇక్కడే ఉండుంటే మన బిడ్డ కూడా మంచి చదువుతో, మంచి హోదాతో, నచ్చిన దేశానికి పోయేవాడు. లేదంటే ఊళ్లోనే ఉండి ఎమ్మెల్యే అయ్యేవాడు.

ఇంకో సంగతి మా ఉద్యమ మిత్రులకూ చెప్పాలి. బయటి నుంచి వచ్చి మన ఊళ్లల్లో బతికేవాళ్లు మన శత్రువులు కారు. చిలమకూరు సిమెంటు కాలనీలో ఉద్యోగం చేసే పరాయి రాష్ట్రపు మనిషి, ఎర్రగుంట్లలో రాళ్లు కోసే కూలీ, ప్రొద్దుటూరులో అంగడి పెట్టుకున్న మార్వాడీ, వీళ్లెవరూ మన నీళ్లు ఎత్తుకుపోలేదు. కాల్గరీ తన వలస బిడ్డను అసెంబ్లీకి పంపగలిగినప్పుడు, రేపు ఏర్పడే రాయలసీమ రాష్ట్రం తన వలస బిడ్డకు టికెట్ ఇవ్వలేనంత ఇరుకుగా ఉండకూడదు. మన కోపం బతకడానికొచ్చినోళ్ల మీద కాదు, దోచుకోవడానికొచ్చినోళ్ల మీద.

ఆల్బర్టా స్వర్గమేమీ కాదు

ఇంత రాశాం కదాని మేం పాండా పార్టీకి జై కొట్టడం లేదు. ఆయన ఉన్న ప్రభుత్వం కంపెనీల పన్ను 12 శాతం నుంచి 8 శాతానికి తగ్గించింది. డాక్టర్లతో ఉన్న ఒప్పందాన్ని 2020 ఫిబ్రవరిలో ఏకపక్షంగా చింపేసింది. అదే ఏడాది రోడ్లు, రైలు పట్టాలు అడ్డుకునే నిరసనకారులకు భారీ జరిమానాలు, జైలు శిక్షలు పెట్టే చట్టం చేసింది. రైల్ రోకోలతో, వంటావార్పులతో పోరాడే మన ఉద్యమాలు అక్కడుంటే మనకు పడేవి ఆ శిక్షలే! ‘మా ప్రాంతానికి న్యాయం’ అని ఢిల్లీలాంటి ఒట్టావాను అడిగిన ప్రభుత్వమే, తన ముంగిట నిలబడి న్యాయమడిగిన ఆదివాసీలను చూసి ఈ చట్టం తెచ్చింది. కాల్గరీ నిలబడిన నేల 1877 నాటి ఏడో ఒప్పందం కింద బ్లాక్‌ఫుట్, సుతీనా, స్టోనీ నకోడా జనాలతో రాసుకున్న నేల. వాళ్ల వాటా మాటేమిటని అడిగితే అక్కడి నాయకులకూ నోరు పెగలదు.

అందుకే మేం ఆల్బర్టాను గుడిలో పెట్టడం లేదు. ఒక్క విషయం మాత్రమే అడుగుతున్నాం. అక్కడ ప్రాంతీయ అసంతృప్తిని ఓటు పెట్టె దాకా రానిస్తారు. క్యూబెక్ ఏకంగా దేశం నుంచి విడిపోవాలా అని 1995 అక్టోబరు 30న జనాన్ని అడిగింది. 50.58 శాతం వద్దన్నారు. కెనడా ముక్కలు కాలేదు, ఎవరినీ ద్రోహి అనలేదు. 1998లో వాళ్ల సుప్రీంకోర్టు, స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే చర్చలకు కూర్చోక తప్పదని చెప్పింది. మన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రం చేయడానికి పార్లమెంటు మామూలు మెజారిటీ చాలు. రాష్ట్ర అసెంబ్లీ అభిప్రాయం అడిగితే సరిపోతుంది, ఒప్పుకోవాల్సిన పని లేదు. 2014 జనవరిలో అసెంబ్లీ విభజన బిల్లును తిప్పి పంపినా, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. దారి ఉంది. ఆ దారిలో నడిచే నాయకుడే మనకు లేడు.

మరి మనమేం చేయాలి?

విద్యార్థులారా, మీ ఫోన్లలో విదేశాల్లో గెలిచిన తెలుగువాళ్ల ఫొటోలు పంచుకోండి, తప్పులేదు. ఆ ఫొటో కింద ఒక ప్రశ్న కూడా రాయండి: ‘‘అక్కడ వాటా అడిగే హక్కు మనోడికుంది. ఇక్కడ నాకెందుకు లేదు?’’ ఉద్యోగులారా, శ్రీబాగ్ ఒడంబడికలో ఏముందో మీ ఆఫీసులో పక్క కుర్చీ మనిషికి చెప్పండి. ఓటు అడగడానికొచ్చే ప్రతి అభ్యర్థినీ, అతను ఏ జెండా పట్టుకొచ్చినా, నాలుగు ప్రశ్నలు అడగండి. కృష్ణా నీళ్లలో సీమ వాటా ఎంతో రాసిస్తావా? ఉక్కు ఫ్యాక్టరీకి ఇంకో రాయి వేస్తావా, పొయ్యి వెలిగిస్తావా? మన ఖనిజాల మీద వచ్చే రూపాయిలో మన జిల్లాకు ఎంత? గెలిచినాక పార్టీ మారితే రాజీనామా చేస్తావా?

జవాబు చెప్పలేనోడికి ఓటు వేయొద్దు. వాడు మన కులమైనా సరే, మన ఊరోడైనా సరే, మన చుట్టమైనా సరే.

చిలమకూరు పెద్దాయనను ఈమధ్య మళ్లీ కలిశాం. పాండా పదవి పోయిన సంగతి చెప్పినాం. ఆయన కాసేపు ఆలోచించి అన్నాడు: ‘‘పోతే పోయె. ఆయప్పను తెచ్చుకున్నదీ జనమే, పంపించిందీ జనమే. మనం తెచ్చుకునేదీ లేదు, పంపించేదీ లేదు నాయనా. వాళ్లే వస్తారు, వాళ్లే పోతారు, మళ్లా వాళ్లే వస్తారు.’’

ఆ చక్రం ఆగాలి. ఆపాల్సింది మనమే. మన నీళ్లు మనకు, మన నిధులు మనకు, మన రాజ్యం మనకు. దీన్ని వేర్పాటు అంటే అననీయండి. కాల్గరీలో దాని పేరు న్యాయమైన వాటా.

జై రాయలసీమ!